ఒలింపిక్స్‌లో గోల్... రైల్వేలో కొలువు

1960 ఆగస్టు. ఇటలీలో ఒలింపిక్స్ ఫుట్‌బాల్ పోటీలు జరుగుతున్నాయి. ఆతిథ్య జట్టులో అప్పుడే పదిహేడేళ్లు నిండిన ఒక మిడ్‌ఫీల్డర్ ఉన్నాడు. పేరు జియాని రివేరా. అదే పోటీల్లో, వేరే గ్రూపులో భారత జట్టు హంగరీతో తలపడింది. 1–2 తేడాతో ఓడిపోయినా మన జట్టు కొట్టిన ఆ ఒక్క గోల్ మన తెలుగు నేల మీద పెరిగిన కుర్రాడిది. సికింద్రాబాద్ పక్కనున్న అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం. అప్పటికి వయసు 23.

ఆ తర్వాత ఇద్దరి దారులూ వేరయ్యాయి. రివేరా 1979 దాకా ఏసీ మిలాన్‌కి ఆడారు. యూరప్ ఉత్తమ ఆటగాడిగా బాలన్ డి'ఓర్ అందుకున్నారు. ఆట మానేశాక పార్లమెంటు సభ్యుడయ్యారు. బలరాం మాత్రం 1963లోనే, 27 ఏళ్లు కూడా సరిగ్గా నిండకుండానే ఆట ఆపేయాల్సి వచ్చింది. ఆయన్ని ఆ తర్వాత నిలబెట్టింది ట్రోఫీలు కాదు, రైల్వే ఉద్యోగం.

ఏలూరులో డిగ్రీ, గూడెంలో బీటెక్, ఆకివీడులో ఇంటర్... ఎక్కడ చదువుతున్నా ఇప్పుడు అందరి బుర్రలోనూ ఉన్న ప్రశ్న ఒకటే కదా: ఇష్టమైన పని చేయాలా, జీతం వచ్చే పని చూసుకోవాలా? ఆటలంటే ఇష్టమున్న వాళ్లకి ఈ ప్రశ్న ఇంకా గట్టిగా తగులుతుంది. అందుకే ఈవారం బలరాం కెరీర్‌ని కాస్త దగ్గరగా చూద్దాం. ఇందులో స్ఫూర్తి ఉంది. దాంతోపాటు లెక్క కూడా ఉంది.

అమ్ముగూడ టు మెల్‌బోర్న్

బలరాం 1936లో పుట్టారు. డబ్బున్న ఇల్లు కాదు. కంటోన్మెంట్ చుట్టుపక్కల మైదానాల్లో ఫుట్‌బాల్ బాగా నడిచే రోజులవి. సికింద్రాబాద్, హైదరాబాద్ కుర్రాళ్లకి ఇప్పుడు క్రికెట్ ఎలాగో అప్పుడు ఫుట్‌బాల్ అలా. బూట్లు కొనుక్కునే స్తోమత లేక, పోలీసులు వాడి వదిలేసిన పాత బూట్లని చెప్పులు కుట్టే అతని దగ్గర ఆటకి పనికొచ్చేలా చేయించుకున్నానని ఆయన తర్వాతి రోజుల్లో చెప్పుకునేవారు.

స్థానిక లీగ్‌లో ఆడుతున్న ఈ కుర్రాడు సయ్యద్ అబ్దుల్ రహీమ్ కంట్లో పడ్డాడు. రహీమ్ అంటే అప్పట్లో హైదరాబాద్ ఫుట్‌బాల్‌కి పెద్దదిక్కు, భారత జట్టుకి కోచ్. 2024లో అజయ్ దేవగణ్ నటించిన 'మైదాన్' సినిమా ఆయన మీదే. ట్రయల్స్‌కి రమ్మంటే, అమ్ముగూడ నుంచి రోజూ హైదరాబాద్ రావడానికి తన దగ్గర డబ్బుల్లేవని బలరాం చెప్పేశాడు. రహీమ్ సైకిల్ ఏర్పాటు చేయించారు. అంతే. ఒక ఒలింపియన్ కెరీర్‌కి అడ్డుపడింది అంత చిన్న ఖర్చు. దాన్ని దాటించింది అంత చిన్న సాయం.

తర్వాతంతా వేగంగా జరిగిపోయింది. 1956లో హైదరాబాద్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది. అదే ఏడాది చివర్లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కి వెళ్లిన భారత జట్టులో ఇరవై ఏళ్ల బలరాంకి చోటు దొరికింది. ఆ ఒలింపిక్స్‌లో మన జట్టు ఆస్ట్రేలియాని 4–2తో ఓడించి సెమీఫైనల్‌కి చేరింది. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టింది ఆ మ్యాచ్‌లోనే. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో సెమీస్ చేరిన మొదటి ఆసియా జట్టు మనదే. సెమీస్‌లో యుగోస్లావియా చేతిలో, కాంస్యం పోరులో బల్గేరియా చేతిలో ఓడి నాలుగో స్థానంతో వెనక్కి వచ్చింది. ఇప్పటికీ ఒలింపిక్స్‌లో మన ఫుట్‌బాల్‌కి అదే అత్యుత్తమ స్థానం.

మధ్యలో ఉండేవాడి పని

రికార్డు పుస్తకాల్లో బలరాం 'ఫార్వర్డ్'. కానీ అప్పటి ఆట తీరు వేరు. ఇద్దరు బ్యాక్‌లు, ముగ్గురు హాఫ్‌బ్యాక్‌లు, ముందు ఐదుగురు. ఆ ఐదుగురిలో 'ఇన్‌సైడ్ ఫార్వర్డ్'లుగా ఆడే ఇద్దరి పని ఒట్టి గోల్ కొట్టడం కాదు. వెనక్కి దిగాలి, హాఫ్‌బ్యాక్ నుంచి బంతి అందుకోవాలి, ముందున్న వాళ్లకి దారి చూపించాలి. ఇప్పటి భాషలో చెప్పాలంటే అటాకింగ్ మిడ్‌ఫీల్డర్. బలరాం అవసరాన్ని బట్టి లెఫ్ట్ వింగ్‌లో, ఇన్‌సైడ్‌లో, ఒక్కోసారి సెంటర్ ఫార్వర్డ్‌గా కూడా ఆడేవారు. వెనక్కి దిగి ఆట అల్లడం, సరైన క్షణంలో బంతి వదలడం ఆయన బలం.

మిడ్‌ఫీల్డ్ అంటే ఏంటో మన కొల్లేరు ప్రాంతం వాళ్లకి చెప్పడం తేలిక. వానాకాలంలో బుడమేరు, తమ్మిలేరు నీళ్లు ఒక్కసారిగా వచ్చి పడతాయి. కొల్లేరు వాటిని తనలో పెట్టుకుని, ఉప్పుటేరు గుండా నెమ్మదిగా సముద్రానికి పంపుతుంది. ఆ పని సరిగ్గా జరిగినన్నాళ్లూ కొల్లేరు పేరు ఎవరూ ఎత్తరు. పూడుకుపోయిన ఏడాది మాత్రం చుట్టుపక్కల ఊళ్లు మునుగుతాయి. మిడ్‌ఫీల్డర్ కూడా అంతే. వెనక నుంచి వచ్చే ఒత్తిడంతా తన మీద తీసుకుని, బంతిని పద్ధతిగా ముందుకి పంపాలి. బాగా ఆడితే పేపర్లో పేరు గోల్ కొట్టినోడికి వస్తుంది. సరిగ్గా ఆడకపోతే జట్టు మొత్తం మునుగుతుంది.

ఆఫీసుల్లోనూ ఇలాంటి కుర్చీలు ఉంటాయి. ఒక టీమ్ రాసిన కోడ్‌ని ఇంకో టీమ్‌కి అర్థమయ్యేలా చేసేవాళ్లు, క్లయింట్ మాటని డెవలపర్ మాటగా మార్చేవాళ్లు. వాళ్లు ఒక వారం సెలవు పెడితే గానీ వాళ్ల విలువ తెలీదు.

రహీమ్ సార్ క్లాసు

రహీమ్ వృత్తిరీత్యా టీచరు. ఉస్మానియాలో బీఏ చదివి, హైదరాబాద్ బడుల్లో పాఠాలు చెప్పి, వ్యాయామ విద్యలోనూ శిక్షణ తీసుకున్నారు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి కోచ్. ఆయన చేతికొచ్చాక ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టు 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచినప్పుడు కోచ్ ఆయనే.

ఆయన శిక్షణలో రెండు సంగతులు ఇప్పటికీ ఆశ్చర్యంగా ఉంటాయి. ఒకటి, డ్రిబ్లింగ్ చేయకూడదనే నియమంతో టోర్నీలు పెట్టేవారు. బంతి వచ్చిందా, వెంటనే వదలాలి. దాంతో ఆటగాడు బంతి అందుకోకముందే ఎవరు ఎక్కడున్నారో చూసుకోవడం నేర్చుకుంటాడు. రెండు, అలవాటు లేని కాలితోనే ఆడాలనే నియమంతో ఇంకో రకం పోటీలు. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే కొట్టాలి. ఉన్న బలాన్ని ఇంకాస్త పెంచుకోవడం సుఖంగా ఉంటుంది. లేని బలాన్ని నలుగురి ముందు సాధన చేయడానికి మాత్రం సిగ్గుపడతాం. ఆ సిగ్గుని ఆయన ఆటలో నియమంగా పెట్టి పోగొట్టారు.

క్యాంపస్ ఇంటర్వ్యూలకి తయారయ్యే వాళ్లకి ఈ రెండో సంగతి బాగా పనికొస్తుంది. కోడింగ్ బాగా వచ్చినోడు రోజూ కోడింగే చేస్తుంటాడు. ఇంగ్లిష్‌లో రెండు నిమిషాలు మాట్లాడమంటే తప్పుకుంటాడు. గ్రూప్ డిస్కషన్‌లో దంచేసే అమ్మాయి యాప్టిట్యూడ్ పుస్తకం తెరవదు. హాస్టల్ రూమ్‌లో నలుగురు కలిసి వారంలో ఒకరోజు 'ఎడమకాలి రోజు' పెట్టుకోండి. ఆ రోజు ఎవరికి ఏది రాదో అదే చేయాలి. ఖర్చేమీ లేదు.

కలకత్తాలో పేరు... చేతిలో ఏముంది?

1957లో బలరాం కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌లో చేరారు. అప్పట్లో ఫుట్‌బాల్ ఆడే ఎవరికైనా కలకత్తానే గమ్యం. ఐటీ వాళ్లకి ఇప్పుడు హైదరాబాద్, బెంగళూరు ఎలాగో అలా. అక్కడ ఆయన ఈస్ట్ బెంగాల్ తరఫున 104 గోల్స్ కొట్టారు. 1961లో కెప్టెన్‌గా జట్టుకి కలకత్తా లీగ్ అందించారు. ఆ సీజన్‌లో 23 గోల్స్‌తో లీగ్‌లో టాప్ స్కోరర్ కూడా ఆయనే. పీకే బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం అనే ముగ్గురి పేర్లు కలిపి చెప్పుకోవడం బెంగాల్‌లో అలవాటైపోయింది.

మధ్యలో 1960 రోమ్ ఒలింపిక్స్. హంగరీ మీద గోల్ సంగతి ముందే చెప్పుకున్నాం. ఆ హంగరీ జట్టే చివరికి కాంస్యం గెలిచింది. ఫ్రాన్స్‌తో 1–1తో డ్రా, పీకే గోల్. పెరూతో 1–3తో ఓటమి. ఆ ఒక్క గోల్ మళ్లీ బలరాందే. అంటే ఆ ఒలింపిక్స్‌లో భారత్ కొట్టిన మూడు గోల్స్‌లో రెండు ఆయనవి. ఆ తర్వాత ఇప్పటిదాకా మన పురుషుల ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్‌కి అర్హత సాధించలేదు.

1962 జకార్తాలో మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0–2తో ఓడిన మన జట్టు, ఫైనల్లో అదే కొరియాని 2–1తో ఓడించింది. స్టేడియమంతా మనకి వ్యతిరేకంగా అరుస్తుంటే పీకే, జర్నైల్ సింగ్ గోల్స్ కొట్టారు. ఆ బంగారు జట్టులో బలరాంతో పాటు హైదరాబాద్ నుంచి గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్, యూసుఫ్ ఖాన్ కూడా ఉన్నారు. అదే ఏడాదికి బలరాంకి అర్జున అవార్డు వచ్చింది.

ఇంత పేరు. మరి చేతిలో ఏముంది? ఇక్కడే అసలు విషయం. ఆ రోజుల్లో భారత ఫుట్‌బాల్ కాగితం మీద అమెచ్యూర్ ఆట. ఆటగాడికి ఇప్పటిలా కాంట్రాక్టు, బీమా, క్లబ్ డాక్టర్ ఉండేవి కావు. పోలీసు, రైల్వే, పోర్టు, కస్టమ్స్ లాంటి చోట ఉద్యోగం దొరికితే అదే భరోసా. బలరాం ఈస్ట్ బెంగాల్ వదిలి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే జట్టుకి మారారు. ఫుట్‌బాల్ వాళ్లంతా బీఎన్ఆర్ అని పిలిచే జట్టు అది. ఆ జట్టుతో పాటు రైల్వే ఉద్యోగం వచ్చింది.

అది ఎంత సరైన సమయంలో తీసుకున్న నిర్ణయమో కొద్ది కాలానికే తెలిసింది.

27కే విజిల్

1963లో ఆయనకి ఊపిరితిత్తుల పొరకి వచ్చే ప్లూరసీ అనే జబ్బు చేసింది. పరిగెత్తితే ఊపిరి అందని మనిషి ఫుట్‌బాల్ ఏం ఆడతాడు? ఆట ఆగిపోయింది. అదే ఏడాది జూన్‌లో రహీమ్ క్యాన్సర్‌తో కన్నుమూశారు. సైకిల్ ఇప్పించిన గురువూ లేరు, ఆటా లేదు.

ఉద్యోగం మాత్రం ఉంది. బలరాం రైల్వేలోనే కొనసాగారు. పెళ్లి చేసుకోలేదు. కలకత్తా దగ్గర హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పారాలో స్థిరపడ్డారు. 2023 ఫిబ్రవరి 16న, 86 ఏళ్ల వయసులో కన్నుమూశారు. చునీ గోస్వామికి 1983లో, పీకే బెనర్జీకి 1990లో పద్మశ్రీ వచ్చింది. ఆ ముగ్గురిలో బలరాంకి మాత్రమే రాలేదు. ఆ బాధని ఆయన ఇంటర్వ్యూల్లో దాచుకోలేదు.

ఇప్పుడు ఒక్కసారి ఊహించండి. 1962 బంగారు పతకం మెరుపులో, 'నాకేంటి, నేను స్టార్‌ని, ఉద్యోగం తర్వాత చూద్దాం' అనుకుని ఉంటే? ఒక్క ఏడాది తేడాలో, జబ్బుతో, జీతం లేకుండా, సొంతూరికి దూరంగా మిగిలిపోయేవారు. ఆటగాడిగా ఆయన తీసుకున్న నిర్ణయాల్లో గొప్పది ఏ పాస్ అనేది నిపుణులు తేల్చాలి. మనిషిగా గొప్ప నిర్ణయం మాత్రం ఆ ఉద్యోగమే.

రివేరాకి ఉన్నదేంటి?

మళ్లీ ఇటలీకి వద్దాం. రివేరా 1943లో అలెస్సాండ్రియా అనే చిన్న ఊళ్లో పుట్టారు. అదీ మిలాన్ లాంటి మహానగరమేమీ కాదు. సొంతూరి క్లబ్ తరఫున 1959 జూన్‌లో, పదిహేనేళ్లకే ఇటలీ టాప్ లీగ్ సిరీ ఏలో ఆడారు. మరుసటి ఏడాదే ఏసీ మిలాన్ తీసుకుంది. 1963, 1969లలో యూరోపియన్ కప్, 1968లో ఇటలీకి యూరో కప్, 1969లో బాలన్ డి'ఓర్. ఇటలీలో పుట్టిన ఆటగాళ్లలో ఆ అవార్డు అందుకున్న మొదటివాడు ఆయనే. 1979లో మిలాన్‌కి లీగ్ టైటిల్ అందించి ఆట ముగించారు. క్లబ్‌లో ఉపాధ్యక్షుడిగా పనిచేసి, 1987లో పార్లమెంటుకి ఎన్నికై, తర్వాత రక్షణ శాఖలో సహాయ మంత్రి స్థాయి బాధ్యత కూడా చూశారు.

ఆయనకీ ఎదురుదెబ్బలు తగిలాయి. 1970 ప్రపంచ కప్ సెమీస్‌లో పశ్చిమ జర్మనీ మీద 4–3 గెలుపు గోల్ కొట్టింది ఆయనే. అయినా బ్రెజిల్‌తో ఫైనల్లో కోచ్ ఆయన్ని చివరి ఆరు నిమిషాలకి గానీ దింపలేదు. ఇటలీ 1–4తో ఓడింది. ఐరోపా ఉత్తమ ఆటగాడిని బెంచీ మీద కూర్చోబెట్టారంటే, మీకు ప్లేస్‌మెంట్స్‌లో ఒక రౌండ్ పోవడం పెద్ద విషయం కాదు.

ఇద్దరికీ తేడా ఎక్కడుంది? రివేరా వెనక జీతమిచ్చే క్లబ్, రాసుకున్న కాంట్రాక్టు, ఏడాదంతా నడిచే లీగ్, దెబ్బ తగిలితే చూసే వైద్యులు ఉన్నారు. బలరాం వెనక ఒక గురువు, ఒక సైకిల్, చివరికి ఒక రైల్వే ఉద్యోగం ఉన్నాయి. కెరీర్‌ని ప్రతిభ మొదలుపెడుతుంది. దాన్ని పొడిగించేది వ్యవస్థ. వ్యవస్థ లేని చోట పుట్టినవాళ్లం కాబట్టి దాన్ని మనమే ముక్కలు ముక్కలుగా కట్టుకోవాలి. బలరాం చేసింది అదే.

ఇప్పుడేం మారింది?

ఇప్పుడు మనకీ ప్రొఫెషనల్ లీగ్ ఉంది. హైదరాబాద్ ఎఫ్‌సీ 2021–22 సీజన్‌లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. గోవాలో జరిగిన ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీ షూటౌట్‌లో ఓడించింది. మూడేళ్లు తిరిగాయో లేదో 2025లో ఆ క్లబ్ ఢిల్లీకి తరలిపోయింది, పేరు కూడా మారిపోయింది. వాణిజ్య హక్కుల ఒప్పందం తేలక 2025–26 లీగ్ సమయానికి మొదలే కాలేదు. ఆటగాళ్లు నెలల తరబడి ఎదురుచూడాల్సి వచ్చింది. అంటే కాంట్రాక్టులు వచ్చాయి, భరోసా ఇంకా పూర్తిగా రాలేదు.

మంచి వార్త అమ్మాయిల వైపు నుంచి వచ్చింది. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య ఈస్ట్ బెంగాల్ తరఫున ఆడి, 2024–25లో ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచిన జట్టులో ఉంది. 2025లో ఆలిండియా ఫుట్‌బాల్ ఫెడరేషన్ ఆమెని ఆ ఏడాది ఉత్తమ క్రీడాకారిణిగా ఎంపిక చేసింది. బలరాం కెప్టెన్‌గా ఉన్న క్లబ్‌లోనే, ఆరు దశాబ్దాల తర్వాత, మన తెలుగమ్మాయి! మన మహిళల జట్టు అర్హత పోటీల్లో థాయ్‌లాండ్‌ని ఓడించి 2026 ఆసియా కప్‌కి చేరింది కూడా.

మన గ్రౌండ్ నుంచి ఎక్కడిదాకా?

గూడెం పాత ఏరోడ్రోమ్ రన్‌వే మీద పొద్దున్నే పరిగెత్తే కుర్రాళ్లని చూస్తే, సగం మంది కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి, సగం మంది ఆర్మీకి తయారవుతున్నట్టుంటారు. వాళ్లలో ఆట వచ్చినవాళ్లు చాలామందే ఉంటారు. కానీ ఆటని ఉద్యోగంగా మార్చే కాగితాల సంగతి తక్కువ మందికి తెలుసు. అందుకే కాస్త వివరంగా చూద్దాం. ఫుట్‌బాల్ అనే కాదు, కబడ్డీ, వాలీబాల్, అథ్లెటిక్స్ ఆడేవాళ్లకి కూడా ఇది పనికొస్తుంది.

సర్టిఫికెట్ ఏ స్థాయిది?: కేంద్ర ప్రభుత్వ కొలువుల్లో క్రీడా కోటాకి నాలుగు ముఖ్యమైన ఫారాలు ఉన్నాయి. దేశం తరఫున ఆడితే ఫారం–1, దాన్ని జాతీయ ఫెడరేషన్ ఇస్తుంది. రాష్ట్రం తరఫున జాతీయ పోటీల్లో ఆడితే ఫారం–2, రాష్ట్ర సంఘం ఇస్తుంది. యూనివర్సిటీ తరఫున అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో ఆడితే ఫారం–3, యూనివర్సిటీ క్రీడా విభాగం ఇస్తుంది. పాఠశాల జాతీయ క్రీడల్లో ఆడితే ఫారం–4, విద్యాశాఖ ఇస్తుంది. ఎంపికలోనూ ప్రాధాన్యం ఇదే వరసలో ఉంటుంది. కాలేజీ ఫెస్టులో, ఊరి టోర్నమెంటులో గెలిచిన కప్పులు ఇంట్లో షోకేసుకి అందం. కోటాకి లెక్కలోకి రావు.

డిగ్రీ, బీటెక్ వాళ్లు ముందు చేయాల్సింది: మీ కాలేజీ పీడీ సార్‌ని కలవండి. యూనివర్సిటీ జట్టు ఎంపికలు ఎప్పుడు, ఎక్కడ అని అడగండి. ఉభయ గోదావరి ప్రాంతంలో చాలా కాలేజీలు ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం పరిధిలో ఉన్నాయి. యూనివర్సిటీ జట్టుకి ఎంపికైతేనే ఫారం–3కి దారి. ఫైనలియర్‌లో గుర్తొచ్చి పరిగెడితే లాభం లేదు. మొదటి సంవత్సరం నుంచే ప్రయత్నించాలి.

రైల్వే కోటా: బలరాంకి అన్నం పెట్టిన రైల్వే ఇప్పటికీ క్రీడాకారుల్ని తీసుకుంటోంది. ఒక్కో జోన్ రిక్రూట్‌మెంట్ సెల్ విడిగా నోటిఫికేషన్ ఇస్తుంది. ఏ ఆటలో, ఏ స్థానంలో ఆడేవాళ్లు కావాలో అందులోనే రాస్తారు. ఒకటి గుర్తుంచుకోండి. అక్కడ పాత పతకాలు పనిచేయవు. సాధారణంగా ఆ ఆర్థిక సంవత్సరం, దానికి ముందు రెండేళ్లలో సాధించినవే చూస్తారు. ఆట ఇంకా ఆడుతూ ఉండాలి, ట్రయల్స్‌లో ఆడి చూపించాలి. కాబట్టి 'ముందు డిగ్రీ అవ్వనీ, తర్వాత అప్లై చేద్దాం' అని ఆగితే గడువు దాటిపోవచ్చు.

రాష్ట్ర ప్రభుత్వం: ఏపీలో 2024లో వచ్చిన కొత్త క్రీడా విధానం ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడా కోటాని 3 శాతానికి పెంచింది. 2025 మెగా డీఎస్సీలో ఈ కోటా కింద 421 టీచర్ పోస్టులు ఉన్నాయి. బీఈడీ, డీఈడీ చేసిన క్రీడాకారులు ఈ దారిని తప్పక చూడాలి.

ఒక హెచ్చరిక: కోటాలు పెరిగినప్పుడల్లా 'సర్టిఫికెట్ ఇప్పిస్తాం' అనే దళారులు బయల్దేరతారు. ఇచ్చిన సంఘం దగ్గరా, టోర్నీ రికార్డుల్లోనూ సరిచూస్తారు. దొంగ కాగితమని తేలితే ఉద్యోగం పోతుంది, కేసూ పడుతుంది. ఇంట్లో వాళ్లు పొలం మీద అప్పు తెచ్చి ఇచ్చిన డబ్బు అలాంటి వాళ్ల చేతిలో పోయకండి.

ఆడలేకపోయినా: మోకాలికి దెబ్బ తగిలిందని, పొట్టిగా ఉన్నామని ఆటకి పూర్తిగా దూరం కానక్కర్లేదు. ఆలిండియా ఫుట్‌బాల్ ఫెడరేషన్ డి లైసెన్స్ నుంచి మెట్టుమెట్టుగా కోచ్ అర్హతలు ఇస్తుంది. రిఫరీ పరీక్షలు ఉంటాయి. బీపీఎడ్ చేస్తే స్కూళ్లలో అవకాశం. ఫిజియోథెరపీ చదివేవాళ్లకి జట్లలో పని ఉంటుంది.

ఇంజినీరింగ్ వాళ్లకి ఇంకో దారి, ఇది నాకు బాగా ఇష్టమైనది. ఇప్పుడు క్లబ్‌లన్నీ డేటా చూసి ఆటగాళ్లని తీసుకుంటున్నాయి. ఏ పాస్ ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లింది, ఆ షాట్ గోల్ అయ్యే అవకాశం ఎంత, అన్నీ అంకెల్లో ఉంటాయి. స్టాట్స్‌బాంబ్ అనే సంస్థ 2022 పురుషుల ప్రపంచ కప్‌తో సహా చాలా మ్యాచ్‌ల డేటాని గిట్‌హబ్‌లో ఉచితంగా పెట్టింది. పైథాన్ వచ్చా? ఆ డేటా దించుకుని, ఒక మిడ్‌ఫీల్డర్ పాస్‌లన్నీ మ్యాప్ మీద గీయండి. అతను ఒత్తిడిలో ఉన్నప్పుడు బంతి ఎటు పంపుతున్నాడో లెక్కకట్టండి. రెజ్యూమెలో 'లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్' అని నలభై మంది రాసే ప్రాజెక్టు కన్నా, ఇంటర్వ్యూలో మీరు పది నిమిషాలు ఆపకుండా మాట్లాడగలిగే ప్రాజెక్టు ఇది. ఫుట్‌బాల్ క్లబ్‌లో ఉద్యోగం రాకపోయినా డేటా ఎనలిస్ట్ ఉద్యోగానికి అదే నైపుణ్యం పనికొస్తుంది.

రెండు కాళ్లూ కావాలి

హైదరాబాద్ పోలీస్ జట్టు నుంచి వచ్చిన యూసుఫ్ ఖాన్ సంగతి చెప్పి ముగిస్తాను. రక్షణలో, మధ్యలో, ముందు... ఎక్కడ నిలబెడితే అక్కడ ఆడేవారు. 1960 ఒలింపిక్స్, 1962 ఆసియా స్వర్ణం, 1966కి అర్జున అవార్డు. ఆయనకీ ఒక చేతిలో ఆట, ఇంకో చేతిలో పోలీసు ఉద్యోగం. ఆ తరం హైదరాబాద్ ఫుట్‌బాల్ బతికింది ఇలాగే. ఉద్యోగం ఆటకి శత్రువని వాళ్లు అనుకోలేదు. ఉద్యోగం ఉంది కాబట్టే ఆడగలిగారు. ఆడారు కాబట్టే ఉద్యోగం వచ్చింది.

మన ఇళ్లలో మాత్రం ఇది 'చదువా, ఆటా?' అనే గొడవగానే మిగిలిపోతోంది. నాన్నకి కోపం, అబ్బాయికి పంతం, మధ్యలో అమ్మ. ఈసారి ఆ మాట వచ్చినప్పుడు పంతానికి పోకుండా, ఏ ఫారం ఏ స్థాయి, ఏ జోన్ నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుంది, ఆట కుదరకపోతే రెండో దారి ఏంటి అని ఒక తెల్లకాగితం మీద రాసి నాన్న ముందు పెట్టండి. వయసు పరిమితి, చివరి తేదీ కూడా రాయండి. కలని కాగితం మీద చూస్తే పెద్దవాళ్లకి సగం భయం పోతుంది. మిగతా సగం మీరు గ్రౌండ్‌లో, క్లాసులో పోగొట్టాలి.

యూనివర్సిటీ ఎంపికల తేదీలు మీ కాలేజీ నోటీసు బోర్డు మీద ఉన్నాయేమో, రేపు వెళ్లగానే ముందు అది చూడండి.